అత్త వేడి ఆవిర్లు, డాక్టరమ్మ మాత్రలు

ఎనభైల మొదట్లో మా అత్త విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు అమ్మేది. ముట్టుడిగిన దగ్గర నుంచి ఆమెకు ఒంట్లో వేడి ఆవిర్లు మొదలయ్యాయి. బేరం మధ్యలో ముఖం ఎర్రబడి చెమటలు దిగకారేవి. గంపలోని ఐసుముక్క తీసి మెడకు రుద్దుకునేది.

"ఐసు సేపకా, నీకా?" అని పక్క గంపలవాళ్లు నవ్వేవారు.

రాత్రి నిద్రలేక తెల్లవారుజామున చేపల వేలంపాటలో తూగేది. మంచి సరుకు ఇంకెవరో పాడుకుపోయేవారు.

లేడీ డాక్టరు రెండు రకాల మాత్రలు రాసింది. మూడు వారాలు మొదటిది, చివర్లో రెండోదీ కలిపి, తర్వాత వారం విరామం. అవేమిటో తెలియకుండా మింగించడం నాకిష్టం లేదు. ఏడో తరగతితో బడి మానేసినా శాఖా గ్రంథాలయంలో నేను తడమని అర లేదు. అక్కడి ఇంగ్లీషు వైద్య గ్రంథం దుమ్ము దులిపి, నిఘంటువు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ముట్టుడిగాక ఒంట్లో తగ్గే హార్మోనే మొదటి మాత్రట; దాన్ని చూలుగుర్రాల మూత్రం నుంచి తీస్తారట. మొదట్లో అదొక్కటే ఇచ్చేవారట. దానివల్ల గర్భసంచి లోపలి పొర మందమై కొందరికి క్యాన్సరు రావడం చూశాక, ఆ పొరను అదుపులో ఉంచే రెండో హార్మోను జత చేశారట.

ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. అత్త ముక్కున వేలేసుకుంది.

"ఓలమ్మో! గుర్రం ఉచ్చేటే కోడలా?"

"మాత్రకి కంపుండదత్తా."

"సేపలోల్లకి కంపు భయమేటే? ఇటియ్యి!"

కొద్ది వారాల్లోనే ఆవిర్లు తగ్గాయి. కంటినిండా నిద్రపోయి, వేలంలో గొంతు పెంచింది. అయితే మాత్రలు ఆపిన వారంలో రక్తం కనబడింది. ముట్టయితే మా ఇళ్లల్లో ఆడవాళ్లు వల ముట్టరు, గంప ఎత్తరు. అత్త మూల చాప వేసుకుని కూర్చుంది.

"నెలనెలా ఇలా కూకుంటే యాపారం ఎవులు సేత్తారే? నాకొద్దీ మాత్రలు."

మళ్లీ ఆ ఆవిర్లేనా అని నాకు బెంగ పట్టుకుంది. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే పరీక్ష చేసి, "భయం లేదు. మాత్ర ఆపగానే గర్భసంచి లోపలి పొర రాలుతుంది, అంతే. ఇది నీ పాత నెలసరి కాదు" అంది.

ఇంటికొచ్చాక అత్త గుమ్మం ఎక్కుతూ ఆగింది.

"అంటే ఇది నాకొచ్చిన ముట్టు కాదు, డాక్టరమ్మ పెట్టిన ముట్టు. అంతేనా?"

"అంతే అత్తా."

"మరైతే మూల ఆయమ్మే కూకోవాల!"

చాప చుట్టి అటక మీద పడేసి, గంప నెత్తికెత్తుకుంది.