మధ్యాహ్నాలు ఆగిపోయే బిల్డ్

మొన్న మా అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని, "బిల్డ్ ఊరికే ఫెయిలైందమ్మా, మళ్లీ నొక్కితే అదే పాసవుతుంది" అనేసి, టీ పెట్టుకోవడానికి లేచింది. నా చేతిలో చిక్కుడుకాయలు అలాగే ఉండిపోయాయి.

మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఆఫీసంతటికీ ఒకటే పెద్ద మిషన్ ఉండేది, అందరం రాసిన ప్రోగ్రాములను అందులో కలిపి ఒక్క సాఫ్ట్‌వేర్‌గా కట్టేవాళ్లం, దాన్నే బిల్డ్ అనేవాళ్లం. ఉప్పల్‌లో బస్సెక్కి నాచారం వెళ్లే నాకు అది మొదటి ఉద్యోగం, ఇంకా పర్మనెంట్ కాలేదు. బిల్డ్ ఆగిందంటే, చివరగా ఎవరి కోడ్ కలిసిందో వాళ్లదే తప్పు, అందరికీ సమోసాలు వాళ్లే తేవాలి, అదీ మా ఆచారం. నా పని సరిచూసుకుని కలిపేసరికి భోజనాల వేళ దాటేది, ఏమిటో మరి, సరిగ్గా నా దగ్గరే ఆగేది. మొదట నవ్వారు, తర్వాత ఐరన్ లెగ్ అన్నారు, ఒక శుక్రవారం మిషన్‌కు నిమ్మకాయా మిరపకాయలూ కూడా కట్టారు గానీ, దాని మూత మాత్రం ఎవరూ విప్పలేదు. నేను రాసిందే పదే పదే చదువుకుని, తప్పు దొరక్క, చివరికి నా కళ్లనే నమ్మడం మానేశాను.

ఒకరోజు మేనేజరు గారు పిలిచి, ఇక రానక్కర్లేదన్నారు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. టిఫిన్ డబ్బా కడుక్కుని బస్సెక్కాను.

తర్వాతి వారం మా సీనియర్ ఫోన్ చేశాడు, బోడుప్పల్ మనిషి, నన్ను చెల్లె అనేవాడు. "నువ్వు పోయినంక గూడ బిల్డ్ ఆగుతనే ఉంది చెల్లె. ఒక్క అక్షరం మార్వకుంట మళ్ల మళ్ల నడిపి సూసిన. పొద్దుగాల పాసైతది, మధ్యాహ్నం ఆగుతది, అది గూడ ఒకపారి ఒకకాడ, ఇంకోపారి ఇంకోకాడ. కోడ్ తప్పైతే ఎప్పుడైనా ఒక్కకాడనే ఆగాలె గదా." కిటికీ ఎండకు మిషన్ వేడెక్కినప్పుడల్లా లోపల ఒక ర్యామ్ ముక్క తప్పులు చేస్తోందట, ఒక్కొక్కటే తీసి చూసి పట్టుకున్నాడు. "సారు నిన్ను మళ్ల రమ్మంటుండు, వస్తవా?" అన్నాడు. "చూద్దాంలే అన్నా" అని ఫోన్ పెట్టేసి, ఆరిన బట్టలు మడతపెట్టుకున్నాను. సంతోషం కలగాలి కదా, కలగలేదు. నేను వెళ్లనూ లేదు.

ఇప్పుడా మిషన్లు ఏ ఊళ్లో ఉంటాయో కూడా మా అమ్మాయికి తెలియదు, బిల్డ్ ఆగితే ఎవరి పేరూ అడగరట. మంచిదే. తర్వాత వేరే కంపెనీలో ఏళ్ల తరబడి చేశాను, మంచి పేరే తెచ్చుకున్నాను. అయినా ఇవాళ్టికీ, వీధి వీధంతా కరెంటు పోయినా సరే, ముందు నేనేం నొక్కానా అని నా చేతులే చూసుకుంటాను.