నలభై తొమ్మిది రోజులు

మా మనవరాలు కీర్తన పుట్టిన తొంభై ఎనిమిదో రోజున, పాలిస్తున్న కోడలు సునీత తలెత్తి, "అత్తమ్మా, పాప చూపు నా మొగం మీద నిలవడం లేదు. కండ్లు ఊరికే అటూ ఇటూ ఊగుతున్నాయి" అంది.

నాకు కోపం వచ్చింది. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు పలకలు లెక్కపెట్టి కట్టలు కట్టించినదాన్ని. పాప ఏ రోజు ఏం చేసిందీ క్యాలెండర్‌లో రాస్తున్నాను. 'నన్ను చూసి నవ్వింది' అని అప్పటికే ముప్పై ఒక్కసారి రాసి ఉంది.

"ఇదిగో, చదువుకో. నీకన్నీ అనుమానాలే."

"క్యాలెండర్ కాదత్తమ్మా, పాపను చూడు."

ఆ మాటకు రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆసుపత్రి మాట ఎత్తినప్పుడల్లా అడ్డుపడ్డాను. చివరికి నలభై తొమ్మిది రోజులు పోయాక, నూట నలభై ఏడో రోజున, మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి గుంటూరు పోయాం.

"నేను దగ్గరికి పోతే నవ్వుతుందమ్మా" అని కంటి డాక్టరమ్మతో చెప్పాను.

"గాజుల చప్పుడు కూడా లేకుండా, అవి తీసేసి, మాట్లాడకుండా పాప దగ్గరికి పోండి పెద్దమ్మా" అంది ఆమె.

గాజులు తీసి సునీతకిచ్చాను. పాపకు జానెడు దూరంలో మొగం పెట్టి ఇరవై దాకా లెక్కపెట్టాను. పాప నా చెవి పక్కన ఎటో చూస్తోంది. "కీర్తనా" అన్నాను. వెంటనే నవ్వింది.

"రెండు కళ్ళకూ ఆప్టిక్ నర్వ్ హైపోప్లాసియా. కడుపులో ఉన్నప్పుడే చూపు నరం సరిగా పెరగలేదు. కళ్ళద్దాలతో, ఆపరేషన్‌తో పోయేది కాదు. ఇందులో మీ తప్పేమీ లేదు" అంది డాక్టరమ్మ. కొందరు పిల్లల్లో మెదడు కింద ఉండి హార్మోన్లను నడిపించే పిట్యూటరీ గ్రంథి కూడా బలహీనంగా ఉంటుందని చెప్పి, ఎమ్మారై, హార్మోన్ టెస్టులు రాసింది.

టెస్టులు పూర్తికాకముందే, నూట యాభై రెండో రోజున జ్వరం వచ్చి, షుగర్ పడిపోయి, పాపకు ఫిట్స్ వచ్చాయి. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. "ఒంటికి జ్వరాన్ని తట్టుకునే శక్తినిచ్చే కార్టిసాల్ హార్మోన్ చాలా తక్కువుంది. మందు ముందే మొదలైతే ఇంతదాకా రాకపోయేదేమో" అన్నాడు పిల్లల డాక్టరు. చూపు విషయంలో నా ఆలస్యం వల్ల పోయిందేమీ లేదు. ఫిట్స్ విషయంలో పోయింది. ఆ ఫిట్స్ తర్వాత పాప ఎడమచేతి గుప్పిట ఈనాటికీ పూర్తిగా విచ్చుకోదు.

సునీత నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కీర్తనకు ఇప్పుడు నాలుగేళ్ళు. వెలుతురు తెలుస్తుంది. ఎర్రటి గిన్నె దగ్గరగా పెడితే అందుకుంటుంది. ఆ హార్మోన్‌కు బదులుగా ఇచ్చే హైడ్రోకార్టిసోన్ మందు ఒక్క పూట కూడా తప్పనివ్వం. మొన్న, "అవ్వా, ఈ చెయ్యి నా మాట ఎందుకినదు?" అనడిగింది. నేను ఆ గుప్పిట వేళ్ళు ఒక్కొక్కటే విప్పబోయాను. "దానికి కొంచెం పొగరులే, నిదానంగా ఇంటది" అని సునీతే నవ్వించింది.

పాలిచ్చే తల్లికి అనుమానం వచ్చిన రోజే బయలుదేరండి. ఆప్టిక్ నర్వ్ చిన్నదని చెబితే, చూపు గురించి మాత్రమే అడిగి లేచి రాకండి. హార్మోన్ టెస్టుల సంగతి అడగండి, జ్వరం వస్తే ఏం చేయాలో కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో నాలాంటి పెద్దావిడ వద్దన్నా ఆగకండి.