పెరటి గదిలో రాకెట్ పాఠం

పెళ్ళైన కొత్తలో మా అత్తతో నా మొదటి పోట్లాట కంప్లిలోని మా ఇంటి పెరటి గది గురించే. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు అందులో ఉండాలట. సైన్సు టీచర్ని, ఊరుకుంటానా? దాన్ని ఎరువుల బస్తాలకు వదిలేయించాను. తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్టు, పోయినేడు ఆ బస్తాలు బయట వేయించి నేనే లోపలికి పోయాను.

గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథిలో క్యాన్సర్ గడ్డ తీశాక, మిగిలిందేమైనా ఉంటే చంపడానికి బెంగళూరులో నాకు రేడియోధార్మిక అయోడిన్ ఇచ్చారు. కొన్నాళ్ళు నా ఒంట్లోంచి రేడియేషన్ వస్తుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దన్నారు. మా పాపకు ఎనిమిదేళ్ళు.

అత్త ఒక్క ప్రశ్నా వేయలేదు. కంచం గడప మీద పెట్టి వెనక్కి జరిగి, "ఇది నాకు నేర్పాల్నా? గది మూయించింది నువ్వే, తెరిపిచ్చింది నువ్వే" అని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఆ గదికి ఒకటే కిటికీ. ఎంత గాలి వచ్చినా నాకు ఊపిరాడనట్టే ఉండేది.

బడిలో పాప మాట్లాడాల్సిన విషయం జబ్బుకు ముందే నేను ఎంచిపెట్టాను: అణుశక్తితో నడిచే అంతరిక్ష నౌకల లాభనష్టాలు. పాప పెరట్లో దూరంగా నిలబడి చదివేది, నేను కిటికీలోంచి దిద్దేదాన్ని. తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం పోవచ్చు. అంగారకుడికి తొందరగా చేరితే మనుషులు ఇరుకు డబ్బాలో మగ్గే కాలం తగ్గుతుంది, దారిలో తగిలే రేడియేషనూ తగ్గుతుంది. ఆ మగ్గడం మాట కొంచెం గట్టిగానే పలికించాను. ఇక నష్టం. రాకెట్ లేస్తూనే పేలితే అణు ఇంధనం కింద జనం మీద పడొచ్చు. అందుకే రియాక్టర్‌ను పైకి పోయాకే రాజేయాలి. రాజేశాక ఎవరూ దాని దగ్గరికి పోకూడదు. మనుషులు ఓడకు ఇంకో కొసన ఉండాలి, మధ్యలో అడ్డు కట్టాలి.

"ఆర్పినంక?" అంది పాప.

"ఆర్పినా కొన్నాళ్ళు పోరాదు."

"నీ మాదిరి."

నేను జవాబు చెప్పేలోపే అరుగు మీద బియ్యం ఏరుతున్న అత్త అందుకుంది. "అంత ముప్పు ఉండేదాన్ని ఎందుకెక్కాల? ఈడే ఉంటే సాకు కదా, చాలదా?"

"నా మందూ అంతే కదత్తా. ముప్పని తాగకుంటే నేనేమైతాను?" అన్నాను. అత్త తల వంచుకుని మళ్ళీ బియ్యం ఏరింది.

ఒకరోజు పాప ఒక్క తప్పూ లేకుండా అంతా చెప్పేసింది. ఆ సంతోషంలో చేతులు చాచుకుని గది వైపు పరుగెత్తుకొచ్చింది. "రావద్దు! పో అవతలికి!" అని వీధంతా వినపడేలా అరిచాను. కన్నబిడ్డను కుక్కను అదిలించినట్టు అదిలించాను. పాప గడప దగ్గరే బిగుసుకుపోయింది, తర్వాత వెళ్ళిపోయింది. ఆ రోజు నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. మర్నాటి నుంచి పాప చదవడం కాగానే కిటికీ వైపు చూడకుండా ఇంట్లోకి పోయేది.

గడువు తీరింది. ఇక పాపను ఎత్తుకోవచ్చని డాక్టరు ఫోన్లో చెప్పారు. తలంటుకుని, పెరట్లోకొచ్చి చేతులు చాచాను. పాప అవ్వ చీర పట్టుకుని నిలబడింది. "పో బంగారూ, మీయమ్మే కదా" అని అత్త ముందుకు తోసింది. పాప కొంచెం దూరం వచ్చి ఆగింది.

"మళ్ళా అరుస్తావా మా?" అని అడిగింది.