తోటికోడలి కూతురి నిద్ర

నా కూతురూ, మా మరిది కూతురూ ఒకే వానాకాలంలో పుట్టారు. మా రెండిళ్లకీ మధ్య గోడ ఒక్కటే. బడికెళ్లే వయసొచ్చేసరికి ఆ పిల్ల కాఫీ తోటలో కోతిలా చెట్లెక్కేది. నా పిల్ల చిన్న గట్టు ఎక్కినా ఆయాసపడి కూర్చుండిపోయేది. బడిలో బల్ల మీదే నిద్రపోయేది. "మీ అమ్మాయికి చదువు మీద ధ్యాస లేదండీ" అని టీచరు అన్న రోజే, తన కూతురు ఎక్కాలన్నీ అప్పజెప్పిందని మా తోటికోడలు ఇంటింటికీ చెప్పుకొచ్చింది. చెప్పుకోవడం తప్పు కాదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

అన్నిటికన్నా ఆ పిల్ల నిద్ర చూస్తే ఓర్వలేకపోయేదాన్ని. నోరు మూసుకుని, ఓ పక్కకి తిరిగి హాయిగా పడుకునేది. నా పిల్ల నోరు తెరిచి, మెడ వెనక్కి వాల్చి, గురకపెడుతూ, చెమటలు కక్కుతూ పొర్లేది. అంత వయసొచ్చినా పక్క తడిపేది. అరకు చలిలో రోజూ దుప్పటి ఉతికి పొయ్యి దగ్గర ఆరబెట్టేదాన్ని. పక్కింటి దండెం ఖాళీగా కనిపిస్తే కడుపు రగిలిపోయేది.

కాఫీ పళ్లు కోసే రోజుల్లో ఒక మధ్యాహ్నం పిల్లలిద్దరినీ తోటలోనే గోనెపట్టా మీద పడుకోబెట్టాం. తోటికోడలు పని ఆపి నా పిల్లనే చూస్తూ నిలబడింది. కాసేపటికి ఫోను తీసి వీడియో పట్టింది.

"ఏటి సేత్తన్నావే? నా గుంట గురక ఊరందరికీ సూపిత్తావా?" అన్నాను.

"అది కాదక్కా. గురక మద్దిలో ఆగిపోతంది, సూడు. ఊపిరి తీయట్లేదు. మళ్లీ ఉలిక్కిపడి తీత్తంది. బేగి డాక్టరుకి సూపించు."

"నీ గుంటని నువ్వు సూసుకో" అన్నాను. కానీ తను చెప్పాక నేనూ చూశాను. పొట్ట ఎగిరెగిరి పడుతోంది, ముక్కు దగ్గర గాలి లేదు. పిల్లని లాగి లేపి కూర్చోబెట్టాను.

విశాఖపట్నంలో చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ పిల్ల నోట్లోకి లైటు వేసి చూసింది. నిద్రలో ఎలా ఉంటుందని అడిగింది. మా ఆయన ఫోను ఇచ్చాడు. మా తోటికోడలు పంపిన వీడియో అది. డాక్టరమ్మ దాన్ని మళ్లీ మళ్లీ చూసింది. టాన్సిల్సూ, ముక్కు వెనకాల కండా పెరిగి గాలి దారి మూసేస్తున్నాయని, పగలు ఆ మగతంతా అందుకేనని, ఆపరేషన్ చేసి తీసేయాలని చెప్పింది. నా కన్నబిడ్డ పక్కన రోజూ పడుకున్నదాన్ని నేను. కనిపెట్టింది తోటికోడలు. అది మింగుడుపడలేదు.

ఆపరేషన్ అయ్యాక పిల్ల కొన్నాళ్లు గుటక వేయలేక ఏడ్చింది. చల్లార్చిన జావ చెంచాతో పోసేదాన్ని. గొంతు మానేసరికి గురక పోయింది. ఆ నిశ్శబ్దానికి భయమేసి ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. నెమ్మదిగా దుప్పటి ఉతికే పని తప్పింది. పిల్ల అన్నం అడిగి పెట్టించుకుంది. బడిలో మెలకువగా కూర్చుంది. పరుగు పందెంలో పక్కింటి పిల్లని దాటేసి నా దగ్గరికి కాకుండా పిన్ని దగ్గరికి పరిగెత్తింది.

ఒకప్పుడు నా గుండెల మీద ఆనుకుంటే తప్ప నిద్రపట్టని పిల్ల, సెలవు వస్తే చాలు, తలగడ చంకన పెట్టుకుని బయల్దేరేది.

"మనింట్లో తొంగోవే" అనేదాన్ని.

"పిన్ని కాడే తొంగుంతానమ్మా."

ఒకరోజు తోటికోడలే వచ్చింది. "నీ గుంట కాళ్లేసి తన్నేత్తంది అక్కా, మంచం సాలట్లేదు. ఆదివారం ఇద్దర్నీ నీ కాడికి అంపించీనా?"

"అంపించు" అన్నాను వెంటనే.

ఇద్దరూ వచ్చారు. మర్నాడు పొద్దున్న సామల ఉప్మా చేశాను. నా కూతురు రెండోసారి పెట్టించుకుని తింటూ, "పిన్ని సేసిందే బాగుంటాదమ్మా" అంది. తోటికోడలి కూతురు మాత్రం నాదే బాగుందంది.

ఆ పిల్ల పళ్లెంలో ఇంకో గరిటె వేశాను.