రాణి మెడకు కంఠి

మొన్న జహీరాబాద్‌ల పక్కింటోళ్ల రామచిలుకను చూడంగనే చిన్ననాటి రాణి యాదికొచ్చింది.

చెరుకు తోటల రెక్క విరిగి పడున్న ఆ చిలుకపిల్లను నానమ్మ తెచ్చి సాదింది. మెడకు గీత లేకపోయేసరికి ఆడదనుకొని రాణి అని పేరు పెట్టినం. రెండేండ్లు దాటినంక దాని మెడ చుట్టూ నల్లగ, గులాబీగ గీత పడ్డది. ఆడదానికి గీత ఎట్లొస్తది, ఎవరో దారం బిగించిన్రని భయమై, పంజరం ఎత్తుకొని ఏడ్చుకుంట పశువుల దవాఖానకు ఉరికిన. నానమ్మ నా ఎనకాలే వచ్చింది.

డాక్టరమ్మ ఈకలు జరిపి చూపింది. "దారం లేదు బిడ్డా. ఇది మగది. మగచిలుకకు ఈడొచ్చినంకనే ఈ కంఠి వస్తది."

"ఇంకా నయం, పెండ్లికొడుకును చూడలే!" అని నానమ్మ పకపకా నవ్వింది.

ఇప్పుడు గీత లేని చిలుకపిల్లను చూపించి ఆడదా, మగదా అని ఎవరడిగినా ధైర్యంగ ఒకటే చెప్త: "జర ఆగుండ్రి, పెరగనీయుండ్రి."