చెప్పులు చూసే తాత

మా నాయన చింతాద్రిపేటలో దసరా కొలువు బొమ్మలు చేసి మమ్మల్ని పెంచాడు. నేను ఒక మ్యూజియంలో, శిలాజ పుర్రెల అచ్చుల మీద బంకమట్టి పెట్టి లక్షల ఏళ్ల కిందటి మనుషుల ముఖాలు తయారుచేస్తాను. నా లెక్కలో నాది శాస్త్రం, ఆయనది బొమ్మల పని. ఆయన లెక్కలో నాది అసలు పనే కాదు.

"దండం పెట్టుకునేదానికైనా పనికొస్తాదామే అది?" అనేవాడు. పదిహేనేళ్లుగా అదే ప్రశ్న. పైకి నవ్వేదాన్ని గానీ లోపల భగ్గుమనేది. చచ్చేలోపు ఒక్కసారైనా ఆయనచేత బాగుందనిపించుకోవాలని నా పంతం.

అందుకే ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను. ఎక్కడ ఎంత మందం కండ ఉండాలో చూపించే చిన్న పుల్లలు అచ్చుకు అతికించి, దవడ నుంచి మొదలుపెట్టాను. కనుబొమల ఎముక చూరులా ముందుకొచ్చింది. చెవులెలా ఉండేవో ఎముక చెప్పదు కాబట్టి మా మేనమామవి తగిలించాను. చివర గాజు కళ్లు కదలకుండా అతికించాను.

ప్రదర్శన రోజు పొద్దున, తలను మన ముఖాలకు ఎదురుగా వచ్చేలా ఒక బల్ల మీద పెట్టాం. మా ఆఫీసరు చుట్టూ తిరిగి చూశాడు.

"ఏందమ్మా, ఈయన నా చెప్పుల్నే చూస్తా ఉండాడు?"

నేనూ వెళ్లి నిలబడ్డాను. నిజమే. గుడి ముందు చెప్పులు కాసేవాడిలా నా కాళ్లకేసే చూస్తున్నాడు. ఇంకో గంటలో జనం వస్తారు.

బతిమాలి వెంట తెచ్చుకున్న మా నాయన, దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"పై మెట్టు బొమ్మకు పెట్టే చూపు గదమే ఇది! నేను నేర్పిందే."

కొలువులో పై మెట్టు మీది బొమ్మ, కింద చాప మీద కూర్చున్నవాళ్లను చూడాలి. అందుకని దాని చూపు కాస్త కిందికి దించుతారు. చిన్నప్పుడు వేళ్ల మీద కొట్టి మరీ నేర్పాడు. నా శాస్త్రమంతా చూస్తుండగానే చెయ్యి తన పాటికి తాను ఆ పని చేసేసింది. సిగ్గుతో చచ్చాను.

"నిలబడి చూస్తా ఉండావేంది? పైకెక్కించు," అన్నాడు నాయన.

బల్ల మీద చెక్కపెట్టెలు పేర్చి, తెల్లగుడ్డ పరిచి, దానిపైన తలను కూర్చోబెట్టాం. ఇప్పుడు ఆ పాతకాలపు మనిషి తిన్నగా మా కళ్లలోకి చూశాడు. ఆఫీసరు ఊపిరి పీల్చుకున్నాడు.

ఇప్పుడేమంటాడోనని మా నాయన వైపు తిరిగాను. చెప్పులు పక్కన విడిచి, రెండు చేతులూ జోడించి ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"ఏందిమే అట్ట చూస్తావు?" అన్నాడు చేతులు దించకుండానే. "తాత గదా."