మా బావను జ్ఞానతండ్రిగా నిలబెట్టిన రోజు

మా విచారణలో, అంటే మా గుడి కిందికి వచ్చే ఊళ్ళలో, ఎవరింట్లో బిడ్డ పుట్టినా, జ్ఞానస్నానానికి ముందు నా దగ్గరికి వచ్చి జ్ఞానతండ్రిగా ఎవరిని నిలబెట్టమంటావని అడుగుతారు. నేను బడికి పోయినదాన్ని కాను. అక్షరాలు దిద్దింది నా పిల్లలు పెద్దవాళ్ళయ్యాక. అయినా అడుగుతారు, నేనూ చెబుతాను. రేపు మీ ఇంటికి అల్లుడో కోడలో కాగలిగిన మనిషిని మాత్రం పెట్టొద్దంటాను. ఈ మధ్య గుడికి వచ్చిన కుర్ర స్వామి, అదే ఫాదరు, అది విని నవ్వి, "ఆ నియమం ఎప్పుడో తీసేశారమ్మా" అన్నాడు. తీసేస్తే తీసేశారు. నా మెడ మీద పడ్డప్పుడు అది ఉంది.

అది యాభైల నాటి మాట. మాది నందికొట్కూరు పక్కన పల్లె. మా నాయన ఒక ఆసామి దగ్గర మోట తోలేవాడు. మా మేనత్త, అంటే మా నాయనకు అక్క, మా వెనక వీధిలోనే ఉండేది. వాళ్ళు మాకంటే ముందే కతోలిక సంఘంలో కలిశారు. నేను పుట్టిన నాడే ఆమె వచ్చి, నన్ను చేటలోంచి ఎత్తుకుని, నా కోడలు పుట్టిందన్నదట. కులపెద్దల ముందు తాంబూలం కూడా తీసుకుంది. ఆ మాట తప్పితే నలుగురిలో తప్పు డబ్బు కట్టి తల దించుకోవాలి. అందుకే నేను ఊహ తెలిసినప్పటి నుంచీ మా బావను నా మొగుడిగానే చూశాను. దాచుకోవడానికి ఏముంది, ఇష్టంగానే చూశాను.

మేము సంఘంలో చేరాలంటే ముందు జపాలు రావాలి. స్వామి తరఫున ఊళ్ళలో మతం నేర్పే ఉపదేశి పొద్దుగూకే వేళ వచ్చి, మా వాకిట్లో కూర్చుని, ఒక్కొక్క మాట పలికించేవాడు. మాకు చదువు లేదు గనక చెవితోనే నేర్చుకున్నాము. మనిషి మంచివాడని మా అమ్మ ఆయనకు కొర్రన్నం పెట్టేది. అన్ని జపాలూ వచ్చాక ఆయనే చెప్పాడు, ఒక్కొక్కరి వెనక ఒక జ్ఞానతండ్రో జ్ఞానతల్లో నిలబడాలని, వాళ్ళు ముందే జ్ఞానస్నానం పొందినవాళ్ళై ఉండాలని.

మా నాయన అక్కను అడిగాడు. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నా కోడలి ఎనక నా కొడుకు గాక ఇంకెవురు నిలబడతార్రా? వాని కంటే హక్కు ఎవురికుండాది?"

మా నాయన మురిసిపోయాడు. మా అమ్మ కళ్ళు తుడుచుకుంది. మాకు తెలిసిన లెక్క అదే. పెళ్ళికొడుకు దేవుని ముందు అమ్మాయి బాధ్యత తీసుకుంటే సగం పెళ్ళి అయినట్టే. ఆ మాట అన్నప్పుడు ఉపదేశి అక్కడే ఉన్నాడు. మాది తాంబూలం తీసుకున్న సంబంధమని ఆయనకు బాగా తెలుసు. చెంబెత్తి నీళ్ళు తాగాడు, చెయ్యి కడుక్కున్నాడు, వెళ్ళిపోయాడు.

స్వామి సైకిలు మీద వచ్చాడు. తెల్లదొర, తెలుగు పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవాడు. గుడి అంటే మట్టిగోడలూ నాపరాళ్ళ కప్పూ, అంతే. ఆ ఎండకు లోపల పొయ్యిలాగుండేది. చాలామందిమి వరసగా నిలబడ్డాము. నా నాలుక మీద ఉప్పు పెట్టాడు. సైతానును విడనాడుచున్నావా అని అడిగితే విడనాడుచున్నానన్నాను. నా తల మీద నీళ్ళు పోసేటప్పుడు, జ్ఞానతండ్రి చెయ్యి వెయ్యాలన్నాడు. మా బావ నా కుడి భుజం మీద చెయ్యి వేశాడు. పెళ్ళి కాకముందు మా ఇళ్ళలో మగవాడు ఆడపిల్లను తాకడు. అది మొదటిసారి. నీళ్ళ చల్లదనం నాకు తెలియలేదు, ఆ చెయ్యే తెలిసింది. ఆ రాత్రి మా అమ్మ దిష్టి తీసింది, జ్ఞానస్నానం అయిన ఇంట్లో అలా తీయకూడదని కూడా మాకప్పటికి తెలియదు.

వేరుశనగ ఇంటికొచ్చాక పెళ్ళి పెట్టుకుందామని మా నాయన అన్నాడు. పెళ్ళికి ముందు స్వామి ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతాడు. మేము స్వామి ఉండే ఊరికి నడిచి పోయాము. మా బావ బయట వేపచెట్టు కింద కూర్చున్నాడు. నేనూ మా నాయనా లోపలికి పోయాము.

ఎవరైనా బలవంతం చేస్తున్నారా అని స్వామి అడిగాడు. లేదన్నాను. ఇద్దరికీ చుట్టరికమున్నదా అన్నాడు. మేనరికమన్నాను.

"దానికి బిషప్పుగారి అనుమతి తెప్పించవచ్చును. నీ జ్ఞానతండ్రి ఎవరు?"

ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది. నవ్వుతూ చెప్పాను.

"ఈ బావే సామీ. బయట కూచ్చున్యాడు సూడు, ఆయప్పే."

స్వామి కలం కింద పెట్టాడు. కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు. జ్ఞానతండ్రికీ అతని చెయ్యి కింద జ్ఞానస్నానం పొందినదానికీ తండ్రీ బిడ్డల వరస అవుతుందనీ, వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదనీ నెమ్మదిగా చెప్పాడు. ఈ సంబంధం సంగతి ముందే తనతో ఎవరూ ఎందుకు చెప్పలేదన్నాడు. మా నాయనకు సగమే అర్థమైంది.

"మాకేం తెల్సు సామీ? ఉపదేశి ముందరే మాట్లాడుకున్యాము గదా!"

స్వామి కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత, దీనికీ మినహాయింపు అడగవచ్చన్నాడు. బిషప్పుగారు ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు, కానీ ఇద్దరూ కలిసి అడగాలి. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇద్దరమూ అంటే ఎంతసేపు, వాడు బయటే ఉన్నాడు గదా అనుకున్నాను.

మా బావ లోపలికి పోయాడు. అనుకున్నదానికంటే త్వరగా బయటికొచ్చాడు. స్వామి గడపలో నిలబడి మా నాయనతో అన్నాడు, "ఆ అబ్బాయి మినహాయింపు కోరుట లేదు. బలవంతము చేయుటకు నాకు అధికారము లేదు."

మా నాయన అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. నేను వేపచెట్టు దగ్గరికి పోయాను.

"ఏం బావా, అడగనంటివంట?"

"ఎట్ల అడిగేది మే? దేవుని ముందర నీకు నాయనంట నేను."

"యీ సంగతి నీకు ఇప్పుడే తెల్సిందా?"

వాడు వేపపుల్ల విరుస్తూ కూర్చున్నాడు.

"చెప్పు బావా. నా మింద చెయ్యేసినపొద్దు తెల్సునా?"

"అమ్మ చెప్పింది" అన్నాడు. "ఉపదేశి కూడా చెప్పినాడు. నేనేం జేసేది?"

అంతే అన్నాడు. చెయ్యి వెయ్యనని ఒక్కమాట అంటే సరిపోయేది. అది కూడా వాడికి బరువైంది.

తిరిగి వచ్చేటప్పుడు మా నాయన నాకంటే చాలా ముందు నడిచాడు. ఇంటికి రాగానే అక్క వాకిట్లో నిలబడి అరిచాడు. అత్త ముందే ఏడుపు మొదలుపెట్టింది.

"దేవుని కట్టడకు నేనేం జేసేదిరా తమ్ముడా? నేను మాట తప్పినానా? పెద్దల్ని పిలుచ్చావా, పిలుచ్చుకో పో!"

పెద్దలను పిలిచాడు. వాళ్ళు తల గోక్కున్నారు. మీ దేవుడి నియమం మాకు తెలియదు, ఆమె మాట తప్పినట్టు కాదన్నారు. తప్పు కట్టకుండా తాంబూలం తెగిపోయింది.

అత్త ఇదంతా ఎందుకు చేసిందో తర్వాతి నెలలో తెలిసింది. బావకు బద్వేలు నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి ఉపదేశికి అన్న కూతురు. మెట్టపొలం ఉంది, ఆ అన్నే మిషను బడిలో అయ్యవారు. మా వాకిట్లో కొర్రన్నం తింటూ నాకు పరలోక జపం నేర్పిన మనిషి అప్పటికే ఆ సంబంధం మాట్లాడి ఉన్నాడు. వేరుశనగ కాయలు ఒలిచే చోట ఆడవాళ్ళు నన్ను వదల్లేదు.

"ఏమే, మీ నాయనకు పెండ్లంట గదా! కొత్తమ్మకు చీర యాడ తెచ్చాండావు?"

"ఊరుకో మే, పాపం, ఆ పిల్ల మొగుడూ పాయె, నాయనా మిగిలె."

వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. ఏడిస్తే ఇంకో వారం చెప్పుకునేవాళ్ళు.

పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో చాటుతారు. ఫలానావాళ్ళ పెళ్ళికి ఏదైనా అడ్డు ఉందని ఎవరికైనా తెలిస్తే చెప్పాలి, దాచితే పాపం. మొదటి రెండు వారాలు మా అమ్మ నన్ను పోనివ్వలేదు. మూడో వారం పోయాను. స్వామి పూజ మధ్యలో ఇటు తిరిగి, లాటిన్ ఆపి, తెలుగులో చదివాడు. గుడి అంతా నా వైపు తిరిగింది. అత్త ముందు వరసలో మెడ వంచుకుని జపమాల తిప్పుతోంది. ఉపదేశి గంట దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. నిలబడాలని అనుకోలేదు.

"ఏమమ్మా?" అన్నాడు స్వామి. "నీకు తెలిసిన అడ్డు ఏదైనా ఉన్నదా?"

"లేదు సామీ" అన్నాను. "వీళ్ళిద్దరికీ ఏ అడ్డూ లేకుండా ఉపదేశి ముందే సూసుకున్యాడు."

ఎవరూ నవ్వలేదు. అత్త చేతిలో జపమాల ఆగింది. స్వామి ఉపదేశి వైపు చూశాడు, చాలాసేపు చూశాడు, తర్వాత పీఠం వైపు తిరిగి పూజ సాగించాడు. పెళ్ళి ఆగలేదు. ఉపదేశిని ఇంకో ఊరికి మార్చలేదు కూడా. ఆ ఈస్టరుకు నేను పాపసంకీర్తనం చేస్తే, అంటే స్వామి దగ్గర నా పాపాలు ఒప్పుకుంటే, వాళ్ళను క్షమించావా అని స్వామి అడిగాడు. క్షమించానంటే అబద్ధం, అబద్ధంతో సత్ప్రసాదం, అంటే పూజలో స్వామి నాలుక మీద పెట్టే అప్పం, తీసుకోకూడదని మాకు నేర్పింది ఆ ఉపదేశే. లేదని చెప్పాను. క్షమించేదాకా సత్ప్రసాదం ఇవ్వనన్నాడు. ఆ ఏడు నా నాలుక మీద సత్ప్రసాదం పడలేదు.